శంకరవ్వ ప్యాంటు

మధ్యాహ్నం అన్నం తిని శంకరవ్వ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుందో లేదో, కోడలు రాధిక ఫోను పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"అత్తమ్మా, సిరిసిల్ల మామ నీ ముచ్చట చెప్తుండు, సూడు," అని ఫోను ఆమె ముందు పెట్టింది.

ఫోనులో ఒక ఆడపిల్ల నడిచి వస్తోంది. గోధుమరంగు బెల్‌బాటం ప్యాంటు, మోకాళ్ళ దాకా బిగుతుగా ఉండి అక్కడి నుంచి వెడల్పుగా విచ్చుకుంది. లోపలికి దోపిన మీగడరంగు షర్టు, పొడుగు కొనల కాలరు, మోచేతుల దాకా మడిచిన చేతులు. శంకరవ్వ ముందు బట్టలను గుర్తుపట్టింది, ఆ తర్వాతే మనిషిని. ఆ పిల్ల రచన, తన అన్న భూమయ్యకు మనవరాలు. సిరిసిల్లలో ఇంటి ముందు గదిలోనే బట్టల షాపు పెట్టుకుని, పాతకాలపు ఫ్యాషన్లను మళ్ళీ కుట్టి అమ్ముతుంది. ఇదీ అట్లా కొత్తగా కుట్టిందే అనుకుంది శంకరవ్వ.

తర్వాత భూమయ్య కనిపించాడు. తెల్ల చొక్కా, మెడలో కండువా, కుర్చీలో కాలు మీద కాలు.

"మా ఇంట్ల ఆడపిల్ల, మొగపిల్లగాడు అని ఎన్నడు తేడా సూడలే," అంటున్నాడు. "గా రోజులల్ల మా చెల్లె ప్యాంటు షర్టు తొడిగి సైకిల్ మీద పోతుంటె బజారంత నిలవడి సూసేది. నేనే భీవండి నుంచి బట్ట తెచ్చి కుట్టిచ్చిన. గియ్యాల గదే ప్యాంటు నా మనుమరాలు ఏసుకుంటుంది. గర్వమనిపిస్తది."

రాధిక నవ్వుతోంది. "నువ్వు ప్యాంటు ఏసినవా అత్తమ్మా? నాకెన్నడు జెప్పకపోతివి. కోరుట్ల మొత్తం సూస్తుందట గీ వీడియో."

శంకరవ్వ లేచి నిలబడింది. ఒళ్ళోని చాట బోర్లా పడి తునికాకులు వాకిలంతా పరుచుకున్నాయి.

"కుట్టిచ్చిండా," అంది. "వాడు కాలవెట్టిండు."

రాధిక నవ్వు ఆగిపోయింది. అత్త గొంతు అట్లా ఉండటం ఆమె కాపురానికి వచ్చాక ఎప్పుడూ వినలేదు.

శంకరవ్వ పుట్టింది సిరిసిల్లలో, నేతపని చేసుకునే పద్మశాలి ఇంట్లో. తండ్రి నర్సింగానికి ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు సాంచాలు ఉండేవి. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. దూది దుమ్ము పీల్చీ పీల్చీ ఆయన ఊపిరాడక మంచం పట్టాడు. భూమయ్య అప్పటికే సాంచాల పనికి మహారాష్ట్రలోని భీవండి పోయి ఉన్నాడు. కండెలు చుట్టడం ఆడవాళ్ళ పని, సాంచ నడపడం మగవాళ్ళ పని అని ఊళ్ళో అందరికీ తెలిసిన మాటే కానీ, ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ రెండు సాంచాలూ ఆడాలి. ఇరవై ఏళ్ళయినా నిండని శంకరవ్వ వాటి ముందు నిలబడింది. తెగిన పోగు కలపడం, అడ్డపోగును మోసే నాడె మార్చడం, అర్ధరాత్రి కరెంటు వస్తే లేచి స్విచ్చు వేయడం, అన్నీ ఒక్కతే నేర్చుకుంది.

ఆ రోజుల్లోనే పక్క షెడ్డులో పని చేసే ఒకామె కొంగు సాంచను తిప్పే తోలు పట్టాలో పడింది. పట్టా ఆమెను గుంజి ఇరుసు కేసి కొట్టింది. చెయ్యి రెండు చోట్ల విరిగింది. మర్నాడు శంకరవ్వ, అన్న ఇంట్లో వదిలిపోయిన పాత ప్యాంటు తొడుక్కుని షెడ్డులోకి వెళ్ళింది.

అవసరానికే తొడిగిందన్నది నిజం. కానీ కొన్నాళ్ళకు అది అవసరం ఒక్కటే కాకుండా పోయింది. అంగలు వెడల్పయ్యాయి. జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడితే తాను ఎవరి ముందూ ఒదిగి నిలబడినట్టు ఉండదని తెలిసింది. తాను నేసిన కూలితోనే బస్టాండు దగ్గరి టైలర్ సాయన్న చేత తన కొలతలకు రెండు జతలు కుట్టించుకుంది. సినిమా పోస్టర్లలో హీరో ప్యాంటుకు ఉన్నట్టే కింద వెడల్పు పెట్టమని తనే అడిగింది. సాయన్న నవ్వాడు కానీ కుట్టాడు, బాగానే కుట్టాడు. ఆ బట్టల్లో సైకిలెక్కి నూలు తెచ్చుకునేది. బజారు చూసేది. చూడనీ అనుకునేది.

దసరాకు భూమయ్య ఇంటికి వచ్చాడు. హోటల్లో చాయ్ తాగుతుంటే దోస్తులెవరో, "మీ తమ్ముడు మంచిగున్నడురా, పెండ్లెప్పుడు జేస్తున్నవ్?" అని నవ్వారట. అతను నేరుగా షెడ్డులోకి వచ్చి గోడకు వేలాడుతున్న పాత తోలు పట్టా తీశాడు. రెండు సాంచాలూ ఆడుతున్నాయి. ఆ చప్పుడులో ఆమె కేక ఆమెకే వినబడలేదు. తండ్రి మంచంలో గోడ వైపు తిరిగాడు. తల్లి సత్యవ్వ తలుపు పట్టుకుని నిలబడింది, నిలబడే ఉంది. నేల మీద పడి ఉన్న శంకరవ్వకు పొయ్యిలో టెర్లిన్ బట్ట కాలుతున్న వాసన వచ్చింది.

హోలీ రాకముందే ఆమెను కోరుట్లకు ఇచ్చి పెళ్ళి చేశారు. భూమయ్య మళ్ళీ భీవండి పోలేదు. ఆ రెండు సాంచాల మీదే నిలబడి, వాటిని పెంచి షెడ్లు కట్టాడు, పెద్దమనిషి అయ్యాడు. శంకరవ్వ మొగుడు బీడీల కంపెనీలో పని చేసేవాడు, మంచివాడు, ఆమెను ఏనాడూ ఒక మాట అనలేదు. ఆయన పోయేదాకా కూడా ఆమె ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడింది. ఇప్పుడు వాకిట్లో నిలబడి, సిగ్గుపడాల్సింది తానా అని ఆలోచించింది.

భూమయ్యకు ఫోను చేయించింది.

"ఏమన్నా, నువ్వు కుట్టిచ్చినవా నా ప్యాంటు?"

అవతల భూమయ్య నవ్వాడు. "వీడియో సూసినవా? ఎప్పటి ముచ్చటనో శంకరవ్వ. పిల్ల అడిగింది, నేను నాలుగు మంచి మాటలు చెప్పిన. గాయింత పేరొస్తుంటె నీకేం నొప్పి?"

"పేరు ఎవలకు?"

"ఇంటికి."

"గా ఇంట్ల నేనున్ననా?"

"మల్ల షురూ జేయకు," అన్నాడు భూమయ్య. గొంతులో నవ్వు తగ్గింది. "ఇను. మహిళా దినం నాడు జగిత్యాలల మహిళా సంఘమోళ్ళు ఫంక్షను పెట్టిండ్రు. నన్ను పిలిచిండ్రు, శాలువ కప్పుతరట. నువ్వు గూడ రా. మంచి పట్టుచీర కట్టుకొని రా. స్టేజి మీద పక్కన కూసుందువు."

శంకరవ్వ ఫోను రాధిక చేతిలో పెట్టేసింది.

సాయంత్రం రచన తనే ఫోను చేసింది. ఆ పిల్ల గొంతు సంతోషంగా ఉంది.

"అమ్మమ్మా, నువ్వు గప్పట్లనే గంత డేరింగా? నాకు తెల్వనే తెల్వది. పాత ఇల్లు కూలగొడుతుంటె అటకమీద సందుగ దొరికింది. ముత్తవ్వ చీరల చుట్టి, ఏపాకు పెట్టి దాచి ఉంది. నడుము కొంచెం పట్టిచ్చిన గంతే, నాకు కుట్టిచ్చినట్టే సరిపోయింది."

"ఎవల చీరల?"

"సత్యవ్వ ముత్తవ్వ చీరల. తాతనే గుర్తువట్టిండు."

అంటే పొయ్యిలో కాలింది ఒక జతే. రెండోదాన్ని తల్లి తీసి దాచింది. వేపాకు మార్చుకుంటూ బతికినన్నాళ్ళూ దాచింది, కూతురికి ఒక్కసారి కూడా చెప్పలేదు. శంకరవ్వ తనకు ఏడుపు వస్తుందనుకుంది కానీ రాలేదు. తల్లి మీద కూడా కోపమే వచ్చింది. దాచడం తెలిసినామెకు ఆ రోజు అడ్డం రావడం తెలియకపోయిందా?

"అమ్మమ్మా, ఇంటున్నవా? జగిత్యాలకు అస్తవు గదా?"

"అస్త బిడ్డా," అంది శంకరవ్వ.

రాధిక అడిగింది, "పిల్లకు అప్పుడే చెప్పకపోయినవ్?"

"ఫోన్ల చెప్తె ఒక్కతే ఇంటది. వాడు లోకానికి జెప్పిండు."

మర్నాడు శంకరవ్వ కోరుట్ల బజారులో ధనుంజయ్ రెడీమేడ్ బట్టల షాపుకు వెళ్ళింది. వెనక రాధిక. ధనుంజయ్‌కు ఆమె కొడుకు సునీల్‌తో చిన్ననాటి స్నేహం. సునీల్ మస్కట్ నుంచి వచ్చిన ప్రతిసారీ ఇక్కడే బట్టలు కొంటాడు.

"సునీల్ అస్తుండా పెద్దమ్మా? ఏం చూపియ్యాలె?"

"ప్యాంటు, షర్టు."

"సైజు అదేనా, పెరిగిండా?"

"వానికి కాదు. నాకు."

ధనుంజయ్ రాధిక వైపు చూశాడు. రాధిక షోకేసులోని టవళ్ళ వైపు చూసింది.

"లేడీస్‌ల గూడ మంచి ప్యాంట్లు అచ్చినయి పెద్దమ్మా. ఎలాస్టిక్‌వి, వదులుగుంటయి…"

"మొగోళ్ళదే గావాలె. జేబులుండాలె. చెయ్యి మునిగేటియి."

ముందు నవ్వాడు, ఆమె ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు. టేపు ఎవరు పట్టాలో తెలియక నిలబడ్డాడు. చివరికి రాధికే అతని చేతిలోంచి టేపు తీసుకుని అత్త నడుము కొలిచింది.

ట్రయల్ రూము అద్దంలో శంకరవ్వ తనను చూసుకుంది. ముదురు బూడిదరంగు ప్యాంటు, తెల్ల షర్టు. పొట్ట ముందుకు వచ్చింది. ఒకప్పుడు అంగలు వేసిన కాళ్ళు ఇప్పుడు వంకర తిరిగాయి. అందంగా ఉన్నానని ఆమె అనుకోలేదు. ఇన్నేళ్ళూ ఎట్లా ఉండేదాన్నో అనుకుంది. ముప్పై ఏళ్ళప్పుడు, నలభై ఏళ్ళప్పుడు ఈ బట్టల్లో ఎట్లా ఉండేదో ఇక చూసే వీలు లేదు. అది ఎవరూ తిరిగి ఇవ్వలేరు. రెండు చేతులూ జేబుల్లోకి తోసి పిడికిళ్ళు బిగించింది.

బయటికి వచ్చాక రాధిక నెమ్మదిగా అంది, "అత్తమ్మా, వాడకట్టంత నవ్వుతది."

"నవ్వనియ్."

"సునీల్‌కు తెలిస్తె నన్ను అంటడు."

"నాకు ఫోన్ జెయ్యమను."

కానీ ఫంక్షను రోజు పొద్దున రాధికే ఆ తెల్ల షర్టు ఇస్త్రీ చేసి, కాలరు తిప్పి చూసి, దండెం మీద వేసింది.

జగిత్యాల బస్సు నిండుగా ఉంది. శంకరవ్వ వెనక తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడింది. జుట్టు పలచబడి ముడి చిన్నదైపోయింది. వెనక నుంచి చూసిన కండక్టరు, "పెద్దాయనా, లోపలికి జరుగు. ఎక్కడికి టికెటు?" అన్నాడు.

ఆమె తిరిగి ఆధార్ కార్డు చూపించింది. అతను కార్డులోని చీర ఫోటోనూ, ముందున్న మనిషినీ మార్చి మార్చి చూశాడు. ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెటు కొట్టి ఇస్తూ, "ఏమనుకోకు అవ్వా," అన్నాడు. పక్క సీటులో ఇద్దరు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలాయన, "కాలం ఖరాబయింది," అని కిటికీలోంచి బయటికి చూశాడు. శంకరవ్వ దిగేదాకా ఆయన తల వెనక భాగాన్నే చూస్తూ నిలబడింది.

ఫంక్షన్ హాలు గులాబీ రంగు గుడ్డలతో అలంకరించి ఉంది. సంఘం అధ్యక్షురాలు శ్రీవాణి మైకులో అందరినీ కూర్చోమంటోంది. వేదిక మీద రచన ఉంది, ఆ గోధుమరంగు ప్యాంటులో. ఫోనులో చూడటం వేరు. రంగు ఏమీ మారలేదు. సాయన్న జేబు అంచుకు వేసిన రెండు వరుసల కుట్టు దూరం నుంచే కనిపించింది. రచన పక్కన, బొకే ఒళ్ళో పెట్టుకుని, భూమయ్య.

శంకరవ్వ వెనక వరసలో కూర్చుంది. చెప్పాల్సిన మాటలు బస్సులో వరసగా పేర్చుకుంది. ముందు పట్టా. తర్వాత పొయ్యి. తర్వాత సాంచాలు. అన్నను మాట్లాడటానికి పిలిచారు. అతను మైకు తీసుకుని, "మా ఇంట్ల ఆడపిల్లకు ఎన్నడు అడ్డం చెప్పలే," అని మొదలుపెట్టాడు.

ఆమె లేచి కుర్చీల మధ్య దారిలో ముందుకు నడిచింది. తలలు తిరిగాయి. గుసగుసలు మొదలయ్యాయి. రచన ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టగానే ముఖమంతా వెలిగి, వేదిక అంచుకు పరుగున వచ్చింది.

"అమ్మమ్మా," అని చెయ్యి పట్టుకుని పైకి లాగింది. "మేడం, ఈమెనే మా అమ్మమ్మ. ఈ ప్యాంటు ఈమెదే."

హాలంతా చప్పట్లు కొట్టింది. ఇది కూడా కార్యక్రమంలో భాగమే అనుకున్నారు. శ్రీవాణి నమస్కారం పెట్టింది.

భూమయ్య చెల్లెలిని కింది నుంచి పైకి చూశాడు. ప్యాంటు, బెల్టు, జేబులోని చెయ్యి. నలుగురి ముందు పెట్టుకున్న ఆ పెద్దమనిషి ముఖం ఎక్కడికో పోయింది. చేతిలో మైకు ఉందన్న సంగతి మరిచిపోయాడు.

"గీ ఏశమేంది?" అన్నాడు. హాలు నాలుగు మూలలా ఆ మాట మోగింది. "ముసలితనంల సిగ్గు శరం లేదా? నలుగుట్ల నా ఇజ్జత్ తీయనీకె అచ్చినవా? పో, పోయి చీర కట్టుకొని రా."

చప్పట్లు ఒక్కో వరసలో ఆగిపోయాయి.

పేర్చుకున్న మాటలు ఏవీ శంకరవ్వకు అవసరం రాలేదు. "గిది గూడ నువ్వే కుట్టిచ్చినవని జెప్పరాదు," అంది.

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. భూమయ్య ముఖం నల్లబడింది. చెయ్యి పైకి లేచింది. కొట్టడానికో, ఆమెను పక్కకు నెట్టడానికో అతనికే తెలియదేమో. కానీ ఆ చెయ్యి లేవడంతోనే శంకరవ్వ మోచెయ్యి ముఖానికి అడ్డం వచ్చేసింది, తల భుజాల్లోకి ముడుచుకుపోయింది. ఆమె అనుకుని చేసింది కాదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒళ్ళు ఆ షెడ్డును మరిచిపోలేదు. భూమయ్య అన్న మాటల కంటే, తాను అట్లా ముడుచుకోవడమే ఆమెకు భరించరాని కోపం తెప్పించింది. నెమ్మదిగా చెయ్యి దించి నిటారుగా నిలబడింది.

రచన చూసింది.

"తాతా," అంది. "అమ్మమ్మను కొట్టినవా నువ్వు?"

"గప్పట్ల ఎవలు కొట్టలే? అందరిండ్లల్ల అంతే," అన్నాడు భూమయ్య. అది కూడా మైకులోంచే వినబడింది. "దాని మంచికే కొట్టిన. లేకుంటె పెండ్లి అయ్యేదా?"

శ్రీవాణి మైకు లాక్కుంది. ఇప్పుడు పిల్లల డాన్సు ఉందని గబగబా ప్రకటించింది. పాట మొదలైంది. డాన్సు అయ్యాక భూమయ్యకు శాలువా కప్పనే కప్పారు. కొన్న శాలువా, పిలిచిన మనిషి, ఏం చేయాలో వాళ్ళకు తోచలేదు. చప్పట్లు మాత్రం పెద్దగా పడలేదట.

అప్పటికి శంకరవ్వ బస్టాండు చేరింది. సిమెంటు బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగుతుంటే రచన ఆటో దిగి వచ్చింది. ఏడ్చి కళ్ళు ఉబ్బాయి. బస్టాండులో జనం ఇద్దరినీ చూస్తున్నారు, ఒకే తీరు బట్టల్లో ఒక ముసలామె, ఒక పడుచుపిల్ల.

"నాకు తెల్వది అమ్మమ్మా. తాత చెప్పిందే నమ్మిన."

"తెల్వదని నాకెరుకే."

"వీడియో తీసేస్త. గీ బట్టలు గూడ నీకిచ్చేస్త. నాకు ఏసుకోబుద్ధి అయితలేదు."

"ఎందుకు?" శంకరవ్వ గొంతు లేచింది. "మల్ల సందుగల పెడుతవా? నా నడుముకు గిది ఇగ పట్టది. నువ్వు ఏసుకో. నీకు మంచిగుంది. కని వాని మాటతోటి ఏసుకోకు. వాడు అబద్ధం జెప్పిన తావుల నిజం జెప్పి ఏసుకో."

"నాన్న ఊకోడు అమ్మమ్మా. ఇప్పటికే ఫోన్ల మీద ఫోన్లు జేస్తుండు. ఇంటి పరువు అంటుండు."

"గా పరువుకే నన్ను కోరుట్లకు తోలిండ్రు."

రచన తల వంచుకుంది. ప్యాంటు మోకాలి మీద చేతితో రాస్తూ కూర్చుంది. కొంతసేపటికి బ్యాగులోంచి ఫోను తీసింది. నాన్న నుంచి వస్తున్న ఫోనును కట్ చేసింది. కెమెరా తెరిచి శంకరవ్వ వైపు తిప్పింది.

"చెప్పు అమ్మమ్మా. నువ్వే చెప్పు."

శంకరవ్వ కెమెరా వైపు చూడలేదు, పిల్ల ముఖం వైపు చూసింది.

"ప్యాంటు కాలవెట్టిండని కాదు బిడ్డా నా కోపం," అంది. "గది గుడ్డ. కాల్తె కాలె. గా రెండు సాంచాలు నేను నడిపిన. మా బాపు మందులకు, ఇంట్ల బువ్వకు, అన్నిటికి నా చేతుల మీది నుంచే పోయింది. గవి గుంజుకున్నడు. చీర కట్టుకొని కోరుట్లల కూసొని బీడీలు చుట్టుకో అన్నడు. నేను చుట్టిన. నోరు మూసుకొని చుట్టిన. గిప్పుడు స్టేజి ఎక్కి…"

కోరుట్ల బస్సు వచ్చి ముందర ఆగింది, జనం ఎగబడి ఎక్కారు. డ్రైవరు హారన్ కొట్టాడు.

"బస్సు పోతది అమ్మమ్మా," అంది రచన.

"పోనియ్. ఇంకోటి అస్తది. ఇంక నేను షురూనే జెయ్యలే," అని శంకరవ్వ బెంచీ మీద సర్దుకుని కూర్చుని, తండ్రి మంచం పట్టిన ఏడాది నుంచి మొదలుపెట్టింది.